ఫుట్‌బాలు క్లబ్బుల జమాఖర్చులు

ఉగాది సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం వ్రాయండని సంఘ కార్యదర్శిగారు అడిగినారు. శాసనాలో, సంస్థానాలో, పుణె పేటలలో తెలుగువారు స్థిరపడిన వృత్తాంతమో వ్రాస్తామని వారు అనుకొని ఉంటారు. మేము ఫుట్‌బాలు క్లబ్బుల జమాఖర్చులను గురించి వ్రాయబూనుకున్నాము. పెద్దలు చిత్తగించి, ఇక్కడనే పేజీ తిప్పివేయవద్దని మనవి.

ఆదివారం సాయంత్రాలు సంఘం హాలులో క్యారమ్ బల్ల చుట్టూ చేరే మన పిల్లలకు ఇంగ్లండు లీగు మీద ఎంత శ్రద్ధ ఉన్నదో తల్లిదండ్రులకు తెలియనిది కాదు. ఒకడు మాంచెస్టర్ సిటీ పక్షం, ఇద్దరు ఆర్సెనల్ పక్షం, పాపం ఒక్కడు మాత్రం ఎవర్టన్ పక్షం. వీరి వాదం గోళ్లను గురించి కాదు. ఏ క్లబ్బు ఎంత నష్టం చూపినది, ఎవరికి ఎన్ని పాయింట్లు కోసినారు, ఎవరు పద్దులలో ఏమి దాచినారు అని. ఆట చూడవలసినవాళ్లు ఆడిటర్లై కూర్చున్నారేమిరా అని మాలో ఒకరు నవ్వినారు. ఒకనాడు వాదం ముదిరి, "బాబాయిగారూ, మీరే చెప్పండి. ఎవడి డబ్బు వాడు ఖర్చు పెట్టుకుంటే లీగుకేం పోయింది?" అని మమ్మల్ని మధ్యవర్తిని చేసినారు. ఆ పూటకు సమాధానం తోచలేదు. ఇంటికి వచ్చి ఆలోచించిన కొద్దీ, ఇది నూటనలభై ఏళ్లనాటి తగవనీ, అందులో ఒకటి కాదు రెండు తగవులు పెనవేసుకొని ఉన్నాయనీ తేలినది.

మనకు సంబంధం లేని తగవు కూడ కాదు. 2014లో ఇండియన్ సూపర్ లీగు ఆరంభమైనప్పుడు మన ఊరికి ఎఫ్.సి. పుణె సిటీ అనే క్లబ్బు వచ్చి బాలేవాడిలో ఆడినది. 2019లో డబ్బు చిక్కులతో అది మూతపడగా, లీగులో దాని స్థానం హైదరాబాదుకు పోయినది. మన ఊరిది పోతే పోయినది, మన భాషవారి ఊరికే చేరినది గదా అని మనలో కొందరు సమాధానపడినారు. దాని తరువాతి కథ చివర చెబుతాము. ముందు ఈ తగవు పుట్టిన చోటుకు పోవలెను.

ఆ చోటు ఇంగ్లండులోని లాంకషైరు, నూలు మిల్లుల దేశం. మిల్లు ఊళ్ల సంగతి సోలాపూరు, ముంబయిలలో బంధువులున్న మన నేత కుటుంబాలకు వేరుగా చెప్పనక్కరలేదు. శనివారం మధ్యాహ్నం సైరను కూయగానే కూలీలంతా మైదానం చుట్టూ చేరేవారు. 1880 ప్రాంతాలలో అక్కడ ఆటగాడికి డబ్బివ్వడం నేరం. ఫుట్‌బాలు దొరబిడ్డల వినోదమనీ, కూలి పుచ్చుకుంటే మైలపడుతుందనీ లండను సంఘంవారి నమ్మకం. ప్రెస్టన్ అనే ఊరిలో విలియం సడెల్ అనే మిల్లు మేనేజరు ఉండేవాడు. ఊరి క్లబ్బు ఆయన ప్రాణం. స్కాట్లండు నుండి మంచి ఆటగాళ్లను రప్పించి, పేరుకు మిల్లులో పని ఇప్పించి, నిజానికి ఆడించేవాడు. 1884 జనవరిలో లండను జట్టు అప్టన్ పార్క్ కప్పు పోటీలో ప్రెస్టన్‌తో సమానంగా ఆడి, వీరు డబ్బిచ్చి ఆడిస్తున్నారని ఫిర్యాదు చేసినది. సడెల్ బొంకలేదు. ఇస్తున్నాము, అందరూ ఇస్తూనే ఉన్నారు అన్నాడు. ప్రెస్టన్‌ను పోటీ నుండి తొలగించినారు. కాని ఉత్తరాది క్లబ్బులు వేరుపడతామని బెదిరించగా, 1885లో సంఘంవారు దిగివచ్చి జీతాలకు ఒప్పుకున్నారు.

1888లో పన్నెండు క్లబ్బులతో ఫుట్‌బాలు లీగు పుట్టినది. మొదటి ఏడే ప్రెస్టన్ 22 ఆటలలో 18 గెలిచి, 4 సమానంగా ముగించి, ఒక్కటీ ఓడక విజేత అయినది. ఆ ఏడే కప్పును కూడ ఒక్క గోలు ఇవ్వకుండా గెలిచినది. మరుసటి ఏడు మళ్లీ లీగు గెలిచినది. "అజేయులు" అని పేరు వచ్చినది.

1895లో సడెల్ కోర్టు బోనెక్కినాడు. మిల్లుల డబ్బు కాజేసి, దొంగలెక్కలు వ్రాసినందుకు మూడేళ్ల జైలుశిక్ష పడినది. ఆ సొమ్ములో కొంత క్లబ్బు మీద ఖర్చయినది. శిక్ష ముగిసిన తరువాత ఆయన దక్షిణాఫ్రికాకు వలసపోయి, కేప్‌టౌనులో ఆటలను గురించి పత్రికలకు వ్రాసుకొని బ్రతికి, 1911లో పోయినాడు. ప్రెస్టన్ గెలిచిన బిరుదులు మాత్రం నేటికీ దాని పేరనే ఉన్నాయి.

ఈ కథను మన పిల్లలకు చెబితే వెంటనే రెండు పక్షాలైనారు. పక్క ఊరి జట్టుకు అన్యాయం జరిగినదని ఒకడు. పక్క ఊరి జట్టుకు కాదు, మిల్లు యజమానికి, కూలీలకు జరిగినదని ఇంకొకడు. మేము పైన చెప్పిన రెండు తగవులు ఇవే. డబ్బున్నవాడు గెలుపును కొనుక్కుంటున్నాడన్నది మొదటిది. లేని డబ్బు ఖర్చు పెట్టి, చివరకు ఆ బాకీని ఎవరి నెత్తినో పెడుతున్నాడన్నది రెండవది. మొదటిది సమానత్వం సంగతి. రెండవది భద్రత సంగతి. ఒకదానికి వ్రాసిన మందును రెండవదానికి పోయడమే తరువాతి చరిత్ర అంతా.

మొదటి మందు 1901లో వచ్చినది. ఏ ఆటగాడికీ వారానికి 4 పౌన్లకు మించి ఇవ్వరాదు. ధనిక క్లబ్బులు మంచివాళ్లనందరినీ ఎగరేసుకొని పోకుండా చిన్నవారిని కాపాడుటకే ఈ కట్టడి అన్నారు. దానికి తోడు, ఒప్పందం ముగిసినా క్లబ్బు విడవనిదే ఆటగాడు ఇంకొక చోటికి పోరాదన్న నిబంధన అంతకు ముందే ఉన్నది. జీతానికి హద్దు ఉన్నది గాని, క్లబ్బు క్లబ్బుకు ఇచ్చే వెలకు లేదు. 1905లో ఆల్ఫ్ కామన్ అనే ఆటగాడి కొరకు మిడిల్స్‌బరో వారు సండర్లండ్ వారికి 1,000 పౌన్లు ఇచ్చినారు. కింది డివిజనుకు దిగజారకుండా బయటపడుటకు ఒక మనిషిని కొన్నారని పత్రికలు దుమ్మెత్తిపోసినవి. 1908లో ఆ వెలకు 350 పౌన్ల హద్దు పెట్టి, కొద్ది నెలలకే ఎత్తివేసినారు. క్లబ్బుల చేతులకు వేసిన కట్టు నెలలలో ఊడినది. ఆటగాళ్ల చేతులకు వేసిన కట్టు అరవై ఏళ్లు ఉన్నది.

హద్దు పెట్టినచోట దొంగదారి పడుతుంది. 1906లో మాంచెస్టర్ సిటీ తమ ఆటగాళ్లకు హద్దుకు మించి లోపాయికారీగా ఇస్తున్నదని తేలి, 17 మంది ఆటగాళ్లను శిక్షించి, వారెవరూ మళ్లీ ఆ క్లబ్బుకు ఆడరాదన్నారు. వారిలో గొప్పవాడైన బిల్లీ మెరిడిత్ ఊళ్లోనే ఉన్న మాంచెస్టర్ యునైటెడ్‌కు మారినాడు. 1908లో యునైటెడ్ తన మొదటి లీగు బిరుదు గెలిచినది. సిటీ లెక్కల విచారణ అనగానే నిన్నమొన్నటి మాట అనుకునే మన కుర్రవాడికి ఇది చెప్పినప్పుడు వాడి ముఖం చూడవలసినదే.

గరిష్ఠ జీతం 1958 నాటికి వారానికి 20 పౌన్లకు చేరినది. వేసవిలో ఆట లేదు గనుక 17. వేల మంది టిక్కెట్టు కొని చూసే వీరులు బస్సులో ఆ అభిమానుల పక్కనే నిలబడి మైదానానికి పోయేవారు. ఆటగాళ్ల సంఘం నాయకుడు జిమ్మీ హిల్ సమ్మె హెచ్చరిక చేయగా, 1961 జనవరిలో హద్దు ఎత్తివేసినారు. ఫుల్‌హాం జట్టు జానీ హేన్స్‌కు వెంటనే వారానికి 100 పౌన్ల జీతం వచ్చినది. రెండేళ్లకు జార్జి ఈస్టాం దావాలో న్యాయమూర్తి విల్బర్‌ఫోర్స్, ఒప్పందం ముగిసినవాణ్ణి పట్టి ఉంచుట అక్రమమని తీర్పు చెప్పినాడు. బానిస వ్యాపారాన్ని మాన్పించిన విల్బర్‌ఫోర్సు వంశీయుడే ఆ న్యాయమూర్తి అగుట విచిత్రం.

ఇక చిన్న క్లబ్బుల పని ఐపోయినదని అప్పుడు చాలామంది అన్నారు. ఐపోయినదా? మేము కాగితం పెన్సిలు తీసుకొని లెక్క వేసినాము. యుద్ధానంతరం, జీతపు హద్దు ఉన్న చివరి 15 ఏళ్లలో, అనగా 1947 నుండి 1961 వరకు, లీగు గెలిచినవి 8 వేర్వేరు క్లబ్బులు. పోర్ట్స్‌మత్, బర్న్‌లీ వంటి మధ్యరకపు ఊళ్లవి కూడ అందులో ఉన్నాయి. హద్దు తీసిన తరువాతి 15 ఏళ్లలో, 1962 నుండి 1976 వరకు, గెలిచినవి ఎన్ని? మళ్లీ 8. ఇప్స్‌విచ్, డార్బీ వంటివి అందులో ఉన్నాయి. జీతం నాలుగైదు రెట్లు పెరిగినా తారుమారు కాలేదు. 2011 నుండి 2025 వరకు 15 ఏళ్లు చూడండి. 5 క్లబ్బులు మాత్రమే. అందులో మాంచెస్టర్ సిటీ ఒక్కటే 8 సార్లు. 2016లో లెస్టర్ గెలవడం ఒక అద్భుతంగా చెప్పుకుంటారు. అరవై ఏళ్ల పైచిలుకు కిందట బర్న్‌లీ గెలిస్తే అద్భుతమనలేదు, బాగా ఆడినారన్నారు.

కనుక సమానత్వాన్ని కాచినది జీతపు హద్దు కాదని మా అభిప్రాయం. కాచినది గేటు వసూలు పంపకం. ఆ రోజులలో ఏ ఊరిలో ఆట జరిగినా, వచ్చిన టిక్కెట్టు డబ్బులో దాదాపు ఐదవ వంతు ఎదుటి జట్టుకు ఇచ్చేవారు. అందులో ధర్మమున్నది. గయోపాఖ్యానం నాటకానికి కృష్ణ వేషధారి ఎంత పేరుమోసినవాడైనా, అర్జునుడు రాకపోతే టిక్కెట్టు తెగదు గదా! టెలివిజను డబ్బు కూడ మొదట నాలుగు డివిజన్లలోని 92 క్లబ్బులూ సమానంగా పంచుకునేవి. పెద్ద క్లబ్బులకు ఇది నచ్చలేదు. 1983లో గేటు పంపకం రద్దయినది. ఇక ఎవరి ఊరి వసూలు వారిదే. 1992లో పై డివిజను క్లబ్బులు విడిపోయి ప్రీమియర్ లీగు పెట్టుకుని, టెలివిజను డబ్బును తమలోనే ఉంచుకున్నాయి. ఐరోపా కప్పుల డబ్బు, 1995 నాటి బోస్మన్ తీర్పు, విదేశీ ధనికుల రాక, ఇవన్నీ తోడైనాయి. పంపకం పోవడమొక్కటే కారణమని మేము అనము. కాని మన పిల్లల వాదంలో అది ఒక్కసారైనా వినబడలేదు.

పంపకం పోయిన తరువాత అందరూ పరుగు పెట్టినారు. లీడ్స్ యునైటెడ్ రాబోయే గేటు వసూళ్లను తాకట్టు పెట్టి 6 కోట్ల పౌన్లు అప్పు చేసినది. 2001లో ఐరోపా పోటీలో సెమీఫైనలు దాకా పోయి, 2004లో కింది డివిజనుకు జారినది. పోర్ట్స్‌మత్ 2008లో కప్పు గెలిచి, 2010 ఫిబ్రవరిలో దివాలా అధికారి చేతికి పోయినది. ప్రీమియర్ లీగులో ఉండగా అట్టి గతి పట్టిన మొదటి క్లబ్బు అదే. బాకీల జాబితాలో ఆట రోజున దెబ్బలు తగిలినవారికి కట్లు కట్టే స్వచ్ఛంద సేవకుల సంస్థ కూడ ఉన్నది. ఇక్కడ ఒక నిబంధన చెప్పవలెను. అట్టి క్లబ్బు మళ్లీ లీగులో ఆడవలెనంటే ఆటగాళ్ల జీతాలూ, తక్కిన క్లబ్బులకు ఉన్న బాకీలూ పూర్తిగా తీర్చవలెను. తక్కినవారు రూపాయికి ఎన్ని పైసలు దక్కితే అన్ని తీసుకొని పోవలెను. కట్టు కట్టినవాడూ, కచేరీలో పన్ను వసూలు చేసేవాడూ ఆ రెండవ వరుసలోనివారే. పన్నుల శాఖవారు దీనిపై వ్యాజ్యం వేసి 2012లో ఓడినారు.

ఇట్టి పతనాలు చూసి భద్రత కొరకు కొత్త కట్టడులు వచ్చినవి. ఐరోపా సంఘం 2010 ప్రాంతంలో, ప్రీమియర్ లీగు 2013లో తెచ్చినవి. ప్రీమియర్ లీగు కట్టడి సారాంశం ఇది: మూడేళ్లలో కలిపి 10 కోట్ల 50 లక్షల పౌన్లకు మించి నష్టం చూపరాదు. మైదానం కట్టడానికి, పిల్లలకు ఆట నేర్పడానికి, మహిళల జట్టుకు చేసిన ఖర్చు లెక్కలోకి రాదు. వినడానికి బుద్ధిమంతుల మాటే. దుప్పటి ఉన్నంతవరకే కాళ్లు చాపమన్నారు పెద్దలు. దుప్పటి పెద్దదైనవాడికి ఈ సూక్తి మరీ ఇంపుగా ఉంటుంది. డెబ్బై వేల మంది కూర్చునే మైదానం ఉన్న క్లబ్బు ఆదాయానికి తగ్గట్టు ఖర్చు చేస్తానంటే, చిన్న ఊరి క్లబ్బు ఎన్నడూ దాన్ని అందుకోలేదు. ధనవంతుడు వచ్చి నా సొంత డబ్బు పోస్తాను అన్నా, పోయరాదన్నారు. భద్రతకు పుట్టిన కట్టడి ఈ విధంగా పైవాళ్ల కోటగోడ అయినదని ఒక పక్షం. అది లేకపోతే రాజ్యాల ఖజానాలతో వచ్చేవారి ముందు ఎవరు నిలుస్తారని ఇంకొక పక్షం. హాలులో మన సిటీ కుర్రవాడూ, ఆర్సెనల్ కుర్రవాళ్లూ అన్నవి సరిగా ఇవే మాటలు.

నాటింగ్‌హాం ఫారెస్ట్ సంగతి కొంచెం వివరంగా చెబుతాము, ఎందుకంటే కట్టడి పనిచేసే తీరు అందులో కనబడుతుంది. పద్దు వ్రాసే పద్ధతి ప్రకారం, 5 కోట్లకు ఒక ఆటగాణ్ణి ఐదేళ్ల ఒప్పందం మీద కొంటే ఏటా కోటి చొప్పున ఖర్చు వ్రాస్తారు. అమ్మినవాడు మాత్రం తనకు మిగిలిన లాభాన్ని ఆ ఏడే జమ వేసుకుంటాడు. క్లబ్బులోనే చిన్నప్పటి నుండి పెరిగిన కుర్రవాడైతే కొన్న వెల లేదు గనుక, అమ్మిన మొత్తమంతా లాభమే. బ్రెన్నన్ జాన్సన్ నాటింగ్‌హాంలో పుట్టి, ఎనిమిదో ఏట ఫారెస్ట్ పాఠశాలలో చేరినవాడు. తండ్రి కూడ ఆ క్లబ్బుకు ఆడినాడు. 2022లో పై డివిజనుకు వచ్చిన ఫారెస్ట్ విచ్చలవిడిగా కొనుగోళ్లు చేసినది. కింది డివిజనులో గడిపిన ఏళ్లకు హద్దు తక్కువ గనుక వారికి 6 కోట్ల 10 లక్షలే హద్దు. 2023 జూను ఆఖరుకు పద్దు ముగించవలెను. జాన్సన్‌ను అప్పుడే అమ్మితే తక్కువ వస్తుందని ఆగి, సెప్టెంబరు 1న టాటెన్‌హాంకు 4 కోట్ల 75 లక్షలకు అమ్మినారు. హద్దు 3 కోట్ల 45 లక్షలు దాటినదని 2024 మార్చిలో 4 పాయింట్లు కోసినారు. ఎక్కువ ధరకు ఆగడం మంచి వ్యాపారం కాదా అని క్లబ్బువారి వాదం, గడువు గడువే అని విచారణ సంఘం. మాకు తట్టినది వేరు. ఊరిలో పుట్టి పెరిగిన కుర్రవాడే మొట్టమొదట సంతకు పోవలసిన సరుకు అగుట! పొదుపు నేర్పే కట్టడి ఫలితం ఇది.

ఎవర్టన్‌కు అంతకు ముందే, 2023 నవంబరులో 10 పాయింట్లు కోసినారు. మూడేళ్ల నష్టం 12 కోట్ల 45 లక్షలు, హద్దు మీద కోటి 95 లక్షలు ఎక్కువ. అప్పీలు మీద 6కు తగ్గించి, ఏప్రిలులో మరో పద్దుకు ఇంకొక 2 కోసినారు. మొదట 10 పాయింట్లు కోసిన తరువాతి ఆటకు వారి మైదానంలో అభిమానులు లీగు అవినీతిమయమని వ్రాసిన గులాబీరంగు అట్టలు ఎత్తి పట్టుకున్నారు. మాంచెస్టర్ సిటీ మీద 2023 ఫిబ్రవరిలో నూటికి పైగా అభియోగాలు మోపినారు. ఆ క్లబ్బు అన్నిటినీ ఖండించినది. విచారణ 2024 సెప్టెంబరులో గాని మొదలు కాలేదు. చిన్న పద్దుకు చిటికెలో శిక్ష, పెద్ద పద్దుకు ఏళ్ల తరబడి వకీళ్లు అని ఎవర్టన్ పక్షంవాడి ఏడుపు. అందులో కొంత న్యాయమున్నది, ఎవర్టన్ తప్పు ఒప్పుకున్నది గనుక విచారణ త్వరగా ముగిసినదన్న న్యాయం కూడ ఉన్నది. మరొక చోట చెల్సీ తన హోటళ్లు రెంటిని తన సొంత అనుబంధ కంపెనీకే 7 కోట్ల 65 లక్షలకు అమ్మి లాభం చూపినది. లీగు నిబంధనల ప్రకారం అది తప్పు కాలేదు. ఎడమ జేబులోని రూపాయి కుడి జేబులో వేసుకొని సంపాదించానన్నట్టున్నది.

2025 నవంబరులో క్లబ్బులు సమావేశమై, 2026-27 నుండి నష్టం లెక్క మాని, జట్టు మీది ఖర్చు ఆదాయంలో నూటికి 85 వంతులు మించరాదన్న కొత్త కట్టడికి ఓటు వేసినవి. అడుగున ఉన్న క్లబ్బుకు వచ్చే టెలివిజను డబ్బుకు ఐదు రెట్లకు మించి ఏ క్లబ్బూ ఖర్చు చేయరాదన్న ఇంకొక ప్రతిపాదన ఓడిపోయినది. మొదటి తగవును సూటిగా పట్టుకున్నది ఆ ఓడినదొక్కటే.

రెండవ తగవు మాట? దానికి బరీ వెళ్లవలెను. మాంచెస్టర్ పక్కన చిన్న మిల్లు ఊరు. 1885లో పుట్టిన క్లబ్బు. 1900లోను, 1903లోను కప్పు గెలిచినది; రెండవసారి ఫైనలులో డార్బీ మీద 6 గోళ్లతో. 2018 డిసెంబరులో దాన్ని ఒక పెద్దమనిషి ఒక్క పౌనుకు కొన్నాడు. క్లబ్బుకు ఉన్న అప్పులను బట్టి చూస్తే అది చవక కాదు. 2019 వసంతంలో జీతాలు సరిగా అందకపోయినా ఆటగాళ్లు ఆడి పై డివిజనుకు చేరినారు. కింది డివిజన్లలో కూడ జీతాలు ఆదాయంలో ఇంత వంతు అని కట్టడి ఉన్నది. ఉండి ఏమి లాభం? బాకీలు తీర్చే డబ్బు ఉన్నదని రుజువు చూపలేకపోగా, 2019 ఆగస్టు 27న లీగు నుండి తొలగించినారు. ఆ రోజు ఉదయం కూడ ఎవరో కొంటారన్న ఆశతో వందలాది జనం చీపుర్లు, బకెట్లు పట్టుకొని మైదానానికి వచ్చి కుర్చీలు కడిగినారు. శనివారం ఆట ఉంటుందనుకున్నారు. రాత్రికి లీగులో క్లబ్బు లేదు.

సిటీ ఎక్కువ గెలిస్తే ఆర్సెనల్ అభిమాని బాధపడతాడు. అది ఆటలోని బాధ. బరీ అభిమానిది ఇల్లు కూలిన బాధ. మా కుర్రవాడి ప్రశ్నకు మేము ఇప్పుడు చెప్పదలచినది ఇది. ఎవడి డబ్బు వాడు ఖర్చు పెడితే ఏం పోయిందిరా అంటే, నిజంగా వాడి డబ్బే ఐతే రెండవ తగవు లేదు. చిక్కంతా, మాట ఇచ్చి, ఆటగాళ్లను కొని, మూడవ ఏట మనసు మారి వెళ్లిపోయేవాడితో. మన ఇళ్లలో చిట్టీలు వేయనివారు లేరు. చిట్టీ నడిపేవాడు చిట్టీ మొత్తానికి సమానమైన హామీ ముందుగా రిజిస్ట్రారు దగ్గర పెట్టవలెనని 1982 నాటి చట్టం. డబ్బుతో వెళ్లిపోతాడేమోనన్న భయం కొద్దీ పుట్టిన చట్టమది. క్లబ్బు కొన్నవాడు ఆటగాళ్లతో చేసే ఒప్పందాల మొత్తానికి హామీ ముందే కట్టవలెనన్నారో, నష్టమెంత చూపినా ఎవరికి ఏమి? అంత నిష్కర్షగా కాకున్నా, 2025 జూలైలో ఇంగ్లండులో చట్టమైన ఫుట్‌బాలు పరిపాలన చట్టం ఆ దారి పట్టినది. క్లబ్బులకు లైసెన్సు ఇచ్చి, యజమానుల స్తోమతను పరీక్షించే అధికారిని లీగుకు బయట నియమించినారు. మొదటి తగవుకు మాత్రం హామీలు చాలవు. దానికి పాతదే మందు, గేటు పంచుకొనుట. దానికి పెద్దవారు ఒప్పుకోరు.

ఇప్పుడు హైదరాబాదు కథ. ఆ ఊరికి ఫుట్‌బాలు కొత్త కాదు. సయ్యద్ అబ్దుల్ రహీం తీర్చిన హైదరాబాదు పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదేళ్లు ముంబయికి వచ్చి రోవర్స్ కప్పు గెలుచుకొని పోయినది. ఆ ఆటగాళ్లకు వెల లేదు, ఉద్యోగం ఉన్నది. ఆట ముగిసినా నెలజీతం ఆగదు. కలకత్తా క్లబ్బులు పిలిస్తే కొందరు పోయినారు. సికిందరాబాదు కుర్రవాడు తులసీదాస్ బలరాం ఈస్ట్ బెంగాలుకు పోయి పేరు తెచ్చుకున్నాడు. పోలీసు జట్టు మాత్రం ఎవరి మనసు మారినా మూతపడే సంస్థ కాదు.

2019లో పుణె నుండి పోయిన స్థానంలో పుట్టిన హైదరాబాద్ ఎఫ్.సి. 2022 మార్చిలో గోవాలో కేరళ జట్టును పెనాల్టీలలో ఓడించి లీగు గెలిచినది. ఆ రాత్రి మన హాలులో మిఠాయి పంచినది పాఠకులకు జ్ఞాపకముండవచ్చు. మరుసటి ఏడు దాటి 2023-24కు వచ్చేసరికి జీతాలు ఆగినవి. విదేశీ ఆటగాళ్లు ఒకరి వెంట ఒకరు వెళ్లిపోయినారు. పాత బాకీలు తీర్చనందుకు కొత్తవారిని చేర్చుకోరాదని ప్రపంచ సంఘం నిషేధించినది. కుర్రవాళ్లతో నెట్టుకొచ్చి, 22 ఆటలలో ఒక్కటి గెలిచి, ఆ లీగులో అట్టడుగున నిలిచినది. అప్పుడు ఆ లీగులోనూ జట్టు జీతాల మొత్తానికి హద్దు ఉండేదని గమనింపవలెను. హద్దు లోపలి జీతం కూడ చేతికి రాకపోవచ్చునని దానిని వ్రాసినవారికి తోచలేదు. 2025లో క్లబ్బు ఢిల్లీకి తరలి, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అని పేరు మార్చుకున్నది. పుణె, హైదరాబాదు, ఢిల్లీ, ఆరేళ్లలో మూడు ఊళ్లు. మన తాతలు కూడ ఇంత వేగంగా వలస పోలేదు.

బరీ సంగతి ఒకటి మిగిలినది. 2022లో అభిమానులు ప్రభుత్వ సాయంతో తమ మైదానాన్ని తిరిగి కొన్నారు. రెండుగా చీలిన అభిమాన సంఘాలు 2023లో ఓటు వేసి కలిసినవి. క్లబ్బు పాత పేరుతోనే ఎంతో కింది మెట్టు నుండి మళ్లీ ఆడుతున్నది.

మొన్న ఆదివారం మన ఎవర్టన్ కుర్రవాడు పాత ఎఫ్.సి. పుణె సిటీ నారింజరంగు చొక్కా వేసుకొని హాలుకు వచ్చినాడు. భుజాల దగ్గర బిగుతైపోయినది. ఇక్కడ ఇప్పుడు ఏ జట్టు పక్షంరా అని అడిగినాము. "హైదరాబాదు దాకా ఐతే వెంట పోయాను బాబాయిగారూ, ఢిల్లీకి మాత్రం పోలేను" అని, క్యారమ్ బల్ల మీద పౌడరు చల్లినాడు.